తాత ఏ ఫౌజుల జేసిండు?

1941 డిసెంబరు 8. అర్ధరాత్రి దాటి ఇంకా అరగంట కాలేదు. మలయా ఈశాన్య తీరంలోని కోటా భారు దగ్గర ఈదురుగాలి, వాన. అలల మీద ఎగిరెగిరి పడుతున్న పడవల్లోకి జపాన్ సైనికులు దిగుతున్నారు. ఒడ్డున ముళ్లకంచెల వెనక డోగ్రా సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టి కూర్చున్నారు. వాళ్ల వెనక కొద్ది దూరంలో విమానాశ్రయం. అక్కడ కాపలా ఉన్నది నిజాం సైన్యం, ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి ఇంకా గంట దాకా సమయం ఉంది. పసిఫిక్ యుద్ధం మొదలైన చోట, మొదలైన రాత్రే మన హైదరాబాదు పటాలం ఉందన్న సంగతి హైదరాబాదులోనే చాలామందికి తెలియదు.

తెల్లారింది. ఆస్ట్రేలియన్ విమానాలు అవాజిసన్ మారు అనే ఓడను అప్పటికే తగలబెట్టాయి. అయినా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి శత్రువు విమానాశ్రయం అంచుకు వచ్చేశాడన్న పుకారు లేచింది. సిబ్బంది లారీలెక్కి వెళ్లిపోయారు. చీకటి పడ్డాక వెనక్కి తగ్గే గందరగోళంలో హైదరాబాదు పటాలం కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ చనిపోయాడు. చెదిరిపోతున్న సొంత మనుషులను ఆపబోయి వాళ్ల చేతిలోనే చనిపోయాడని మలయా యుద్ధ చరిత్రలు రాశాయి. రెండు నెలలు తిరిగేసరికి, 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. ప్రాణాలతో మిగిలినవాళ్లు జపాన్ ఖైదీలయ్యారు.

అలా వెళ్లిన మనుషుల్లో తిరిగొచ్చినవాళ్లున్నారు. పల్లెల్లో వ్యవసాయం చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, ముసలివాళ్లయి పోయారు. ఏం చూశారో, ఏం చేశారో ఇంట్లో చాలామంది చెప్పలేదు. ఇప్పుడు మనవలు, మునిమనవలు అడుగుతున్నారు.

ఇప్పుడే ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటాయి. చెప్పగలిగినవాళ్లు దాదాపు లేరు. వాళ్ల పిల్లలకే డెబ్బై, ఎనభై. ఇదొక కారణం. 2021లో జరిగిన రెండు సంగతులు ఇంకో కారణం. యుద్ధమృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఆ ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో, కూలీల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపు దక్కలేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చని ఒప్పుకుంది. అదే ఏడాది నవంబరులో లాహోర్ మ్యూజియంలో మూలనపడి ఉన్న పంజాబ్ రిజిస్టర్లు వెలుగులోకి వచ్చాయి. మొదటి యుద్ధానికి వెళ్లిన 3,20,000 మంది పంజాబీల వివరాలు ఊరూరుగా వాటిలో ఉన్నాయి. కెనడాలో, బ్రిటన్‌లో స్థిరపడ్డ పంజాబీ కుటుంబాలు ముత్తాతల పేర్లు వెతుక్కున్నాయి.

మరి మనవాళ్లవి? అలా ఊరి పేరు కొడితే తాత పేరు వచ్చే పుస్తకం తెలుగువాళ్లకు లేదు. ముక్కలుముక్కలుగా ఉన్నవాటిని పోగుచేసుకోవాలి.

ఈ పోగుచేసే పనికి హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతం చక్కగా సరిపోతుంది. వరంగల్ రోడ్డు ఇక్కడినుంచే ఊరు దాటుతుంది. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ వైపునుంచి వచ్చి ఈ కాలనీల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. నాచారం పారిశ్రామికవాడ ఉద్యోగాల కోసం గోదావరి, గుంటూరు జిల్లాలనుంచి వచ్చినవాళ్లూ పక్కింట్లోనే ఉంటారు. ఒక గోడకు అటు నిజాం రాజ్యపు తాత, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ తాత. ఇద్దరూ ఒకే యుద్ధానికి వెళ్లారు, వేరువేరు సైన్యాల తరఫున. ఇద్దరి కాగితాలూ ఒకచోట దొరకవు.

ఒక తాతను అనుకుందాం, భువనగిరి పల్లెనుంచి సైన్యానికి వెళ్లినవాణ్ణి. నాచారంలో ఒక ఇల్లు, అటక మీద రేకుపెట్టె. అందులో రంగు వెలిసిన ఫోటో, రిబ్బన్ ఊడిన పతకం, సగం చిరిగిన ఇంగ్లిషు కాగితం. కుటుంబానికి తెలిసిందంతా ఒక్క వాక్యం: "మా తాత ఫౌజుల జేసిండట, జపానోళ్లకు దొరికిండట." ఫోటోలో భుజం మీద ఇత్తడి అక్షరాలు కొంచెం ఆనవాలు పడుతున్నాయి. 'హైదరాబాద్' అని ఉంది. మనవరాలికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏ హైదరాబాదు?

మలయాలో 1941 డిసెంబరులో ఒకటి కాదు, రెండు 'హైదరాబాదు' పటాలాలు ఉన్నాయి. కోటా భారులో ఉన్నది నిజాం సొంత సైన్యం. సంస్థానం ఖర్చుతో పెరిగి, యుద్ధం కోసం బ్రిటిష్ సైన్యాధికారుల కింద పనిచేసింది. రెండోది నాలుగో బటాలియన్, 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఇది నేరుగా బ్రిటిష్ ఇండియా సైన్యం. 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకులు రోడ్డు వెంట దూసుకొచ్చినప్పుడు మొదటి దెబ్బ తిన్నది ఈ పటాలమే.

ఈ 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు మన ఊరితో ఉన్న చుట్టరికం పాతది, పలచబడ్డది. నిజాం డబ్బుతో బ్రిటిషర్లు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ దాని పుట్టిల్లు. 1903లో సైన్యాధిపతి కిచనర్ సంస్కరణలతో కంటింజెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. 1922లో రెజిమెంట్లను మళ్లీ కూర్చినప్పుడు 19వ హైదరాబాద్ అయింది. అప్పటికి భర్తీ ఎక్కువగా జరుగుతున్నది కుమావూ కొండల్లో, జాట్, అహీర్ పల్లెల్లో. పేరు దక్కనుది, మనుషులు ఉత్తరాదివాళ్లు. చివరికి 1945 అక్టోబరులో పేరు కూడా మార్చి కుమావూ రెజిమెంట్ అన్నారు. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమ్‌నాథ్ శర్మ 1942లో కమిషన్ పొందింది 19వ హైదరాబాద్‌లోనే. 1947 నవంబరు 3న బడ్గాంలో ఆయన ప్రాణాలిచ్చేనాటికి అది కుమావూ.

కాబట్టి భువనగిరి పల్లెనుంచి వెళ్లిన తాత ఫోటోలో 'హైదరాబాద్' అన్న అక్షరాలు కనబడితే, స్లిమ్ నది కన్నా కోటా భారుకే ఎక్కువ అవకాశం. అవకాశమే, రుజువు కాదు. ఈ తేడా తెలియక కుటుంబాలు రాణీఖేత్‌లోని కుమావూ రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరాలు రాసి, జవాబు రాక, తాత అబద్ధం చెప్పాడేమో అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో హైదరాబాదు ఆకాశంలో ఉండేది. మొదటి యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొన్నారు, దానికి 'హైదరాబాద్' పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌దీ అదే కథ. దాని చిహ్నం మీద నిజాం తలపాగా. పాత పత్రికల్లో 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని చూసి తాతను విమానం ఎక్కించకూడదు. ఆ పేరు డబ్బిచ్చినాయనది, నడిపినవాళ్లది కాదు.

మొదటి యుద్ధపు తాతల కుటుంబాలకైతే పాలస్తీనాలోని హైఫా మీద మోజు. ఢిల్లీ తీన్ మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్వికదళాలవి. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా కూడా చేర్చారు. అప్పటినుంచి ప్రతి లాన్సర్ మనవడికీ మా ముత్తాత హైఫా కొండెక్కాడనే నమ్మకం. హైదరాబాద్ లాన్సర్లు 1914 నుంచి ఈజిప్టులో, సూయజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో ఏళ్ల తరబడి పనిచేశారు. కానీ 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి గుర్రాలు దౌడు తీయించింది ప్రధానంగా జోధ్‌పూర్, మైసూరు దళాలు. బ్రిగేడ్ ఒకటే అయినా రోజు వేరు, డ్యూటీ వేరు. నాలుగేళ్లు ఎడారి ఎండలో కాలువకు కాపలా కాసిన మనిషికి అరువు తెచ్చిన హైఫా ఎందుకో నాకు అర్థం కాదు.

> పతకం ఏం చెబుతుంది?
>
> మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. భూతద్దం చాలు. పోరాడిన సైనికులకు అది వెండిది. లేబర్ కోర్ కూలీలకు, సైన్యం వెంట నడిచిన కొన్ని వర్గాల పనివాళ్లకు కంచుది. లోహం చూస్తేనే పని తెలిసిపోతుంది.
>
> రెండో యుద్ధంలో ఆరు కోణాల నక్షత్రాలు ఇచ్చారు. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్... పేరునుబట్టే రంగం తెలుస్తుంది. మలయాలో 1941 డిసెంబరు 8 నుంచి సింగపూరు పడిపోయేదాకా పోరాడినవాళ్లకు వచ్చేది మాత్రం పసిఫిక్ స్టార్. మన తాత పెట్టెలో పసిఫిక్ స్టార్ ఉంటే 'జపానోళ్లకు దొరికిండట' అన్న మాటకు బలం వచ్చినట్టే.
>
> పతకాన్ని బ్రాసోతో, చింతపండుతో తోమకండి. అంచు అక్షరాలు అరిగిపోతాయి.

పెట్టె ఎందుకు మూసేశారు

నిజాం సైన్యంలో చేసిన మనిషి నోరు విప్పకపోవడానికి 1948 చాలు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది. షోలాపూర్ రోడ్డు మీద నల్దుర్గ్ కోట దగ్గర తొలి ఘర్షణ. కోటను కాపాడుతున్నది ఎవరు? ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. ఏడేళ్ల కిందట బ్రిటిష్ చక్రవర్తి తరఫున జపాన్‌తో తలపడ్డ పటాలం పేరే, ఇప్పుడు భారత సైన్యానికి ఎదురు నిలిచింది. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. తరవాత ఆ సైన్యమే లేకుండా పోయింది.

పల్లెలో అప్పటికే రజాకార్ల దౌర్జన్యాల గాయాలు పచ్చిగా ఉన్నాయి. నిజాం ఫౌజుకు, రజాకార్లకు తేడా చెబితే వినే ఓపిక ఎవరికుంటుంది? ఏటా సెప్టెంబరు 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం. అప్పట్లో ఒక మాజీ సిపాయి తన యూనిఫారం ఫోటో గోడకు తగిలించుకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అందుకే అది పెట్టెలోకి వెళ్లింది.

ఖైదు కథ ఇంకో మౌనం. సింగపూరులో పట్టుబడ్డ వేలాది భారతీయుల్లో ఎందరో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో వేలమందిని జపాన్ న్యూ గినియా, న్యూ బ్రిటన్ దీవులకు తీసుకెళ్లి కూలీలుగా వాడుకుంది. ఆకలితో, జబ్బులతో ఎందరో అక్కడే చచ్చిపోయారు. తిరిగొచ్చిన ఆజాద్ హింద్ సైనికులను బ్రిటిష్ అధికారులు విచారించి తెలుపు, బూడిదరంగు, నలుపు అని ముద్రలు వేశారు. నలుపు పడ్డవాడికి ఉద్యోగం పోయేది. నేతాజీ వెంట జర్మన్ జలాంతర్గామిలో ప్రయాణించిన అబిద్ హసన్ మన హైదరాబాదీయే. ఆయన తరవాత స్వతంత్ర భారత దౌత్యవేత్త అయ్యాడు, ఆయన కథ అందరికీ తెలిసింది. పల్లెనుంచి వెళ్లిన సిపాయికి అలాంటి మలుపు రాలేదు. బ్రిటిష్‌వాడి జీతం తిన్నాడని ఒకరు, శత్రువుతో కలిశాడని ఇంకొకరు అంటారన్న జంకుతో రెండూ దాచుకున్నాడు.

అన్ని ఊళ్లూ ఇలా లేవు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరు ముందు మిలిటరీ అనే మాట చేరిపోయింది. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఆ ఊరు లెక్క చెప్పుకుంటుంది, స్మారకం కట్టుకుంది. నాచారంలో స్థిరపడ్డ మాధవరం మనవడికి ఊరే రికార్డు ఆఫీసు. ఒక్క ఫోన్ చాలు. మన భువనగిరి తాతకు ఆ అదృష్టం లేదు.

నంబరు దొరికితే సగం పని

సైన్యానికి సిపాయి పేరు ముఖ్యం కాదు, నంబరు ముఖ్యం. నరసింహులు అన్న పేరును ఇంగ్లిషు గుమస్తా ఎన్ని రకాలుగా రాయగలడో అన్ని రకాలుగానూ రాస్తాడు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట ఎగిరిపోతుంది. నంబరు మాత్రం సాధారణంగా మారదు. చిరిగిన డిశ్చార్జి కాగితం మీద, పతకం అంచున, మనియార్డరు రసీదు మీద, ఎక్కడ నాలుగైదు అంకెలు కనబడ్డా ముందు అవి రాసుకోవాలి.

ఆ తరవాత ఎక్కడికి వెళ్లాలన్నది పటాలాన్నిబట్టి ఉంటుంది. యుద్ధానికి వెళ్లిన తెలుగువాళ్లలో ఎందరో తుపాకీ పట్టిన పదాతిదళంలో లేరు. వంతెనలు కట్టిన మద్రాస్ శాపర్లు, లారీలు నడిపిన సర్వీస్ కోర్ డ్రైవర్లు, రోడ్లు వేసిన పయనీర్లు, వంటవాళ్లు, చాకళ్లు. 'యోధ జాతులు' అన్న సిద్ధాంతంతో పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిషర్లు దక్షిణాది పదాతిదళాలను కత్తిరించేశారు. మళ్లీ అవసరం పడ్డాక, 1941లో మద్రాస్ రెజిమెంట్‌ను తిరిగి నిలబెట్టారు. తాత వంటవాడని తేలితే కుటుంబాలు నిరాశపడతాయి. అనవసరం. కోటా భారులో తూటా వంటవాణ్ణి చూసి పక్కకు పోలేదు.

ఒక చేదు నిజం ముందే తెలుసుకోవడం మంచిది. పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు కావాలి. యుద్ధం కోసం చేర్చుకుని, అయిపోగానే పంపేసినవాళ్లకు అది లేదు. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు పత్రాలను సైన్యం 25 ఏళ్లు ఉంచి తీసేస్తుంది. మిగిలేది లాంగ్ రోల్ అనే పెద్ద పట్టికలో ఒకటి రెండు వరసలు. చేరిన తేదీ, వదిలిన తేదీ, కారణం. చాలా కుటుంబాలకు సైన్యంనుంచి దొరికే మొత్తం జీవితచరిత్ర అంతే.

> ఏ కాగితం ఎక్కడ?
>
> మద్రాస్ రెజిమెంట్: నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్లు, పయనీర్ కోర్: బెంగళూరు. 19వ హైదరాబాద్, అంటే నేటి కుమావూ: రాణీఖేత్. ఆర్డ్‌నెన్స్, ఈఎంఈ: సికింద్రాబాదు. రక్తసంబంధం రుజువుతో కుటుంబ సభ్యులు రాస్తేనే మేలు.
>
> పటాలాల యుద్ధ డైరీలు లండన్‌లోని బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో సిపాయిల పేర్లు అరుదు, పటాలం ఏ రోజు ఎక్కడుందో తెలుస్తుంది. ఆజాద్ హింద్ ఫౌజు ఫైళ్లు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో. చాలావాటిని 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైటులో వెతకొచ్చు.
>
> జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని మరిచిపోవద్దు. పెన్షన్ లేని రెండో యుద్ధపు సైనికులకు, వాళ్ల వితంతువులకు రాష్ట్రం నెలనెలా సాయం ఇస్తూ వచ్చింది. నానమ్మ ఎప్పుడైనా దరఖాస్తు పెట్టి ఉంటే, డిశ్చార్జి పుస్తకం నకలు ఆ ఫైల్లో ఉండొచ్చు.

నిజాం సైన్యపు మనిషికి వీటిలో ఏదీ సరిగ్గా అతకదు. సైన్యమే రద్దయ్యాక దాని వారసుడు ఎవరు? నాచారంనుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక వెళితే తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొగలుల నాటి ఫర్మానాలనుంచి నిజాం ప్రభుత్వ దస్త్రాలదాకా అక్కడున్నాయి. ఉర్దూ చదవగలిగిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అవతలి తరానికి ఉర్దూ వచ్చు, ఇవతలి తరానికి ఇంగ్లిషు వచ్చు. తాతకు, మనవరాలికి మధ్య లిపి తెగిపోయింది. పాతబస్తీలో ఉర్దూ చదివే పెద్దాయన స్నేహం ఇక్కడ గూగుల్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఊరు, వంశం

సైన్యం కాగితంలో ఊరి పేరు దొరికినా అది ఏ ఊరో తేల్చుకోవాలి. 1941లో ఉప్పల్ చుట్టుపక్కల పల్లెలు అత్రాఫ్-ఎ-బల్దాలో ఉండేవి, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూముల జిల్లా అది. తరవాత హైదరాబాదు జిల్లా, 1978లో రంగారెడ్డి, 2016లో మేడ్చల్-మల్కాజ్‌గిరి. మనిషి కదల్లేదు, జిల్లా మూడుసార్లు మారింది. అసలు ఉప్పల్ అనే ఊరు కరీంనగర్ వైపూ ఉంది. తాలూకా పేరు లేకుండా ఊరి పేరును నమ్మితే వేరేవాళ్ల తాతను ఇంటికి తెచ్చుకుంటాం.

భూమి కాగితాలు ఇక్కడ ఆదుకుంటాయి. నిజాం కాలపు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ రెవెన్యూ ఆఫీసుల్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి, భూతగాదాల పుణ్యమా అని. ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు, సాగుచేసేవాడి పేరు ఉంటాయి. తాత యుద్ధంనుంచి తిరిగొచ్చాక చెలక ఎవరి పేరున ఎక్కింది, ఎవరు దున్నారు అన్నది చూస్తే, ఇంట్లో అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోరో కూడా ఒక్కోసారి అర్థమవుతుంది. భూమే లేని కుటుంబానికి ఈ దారి మూతపడుతుంది. సైన్యంలో చేరినవాళ్లలో భూమి లేనివాళ్లూ ఎందరో ఉండడం ఇందులోని అన్యాయం.

అప్పుడు మిగిలేది నోటిమాట. తెలంగాణలో దానికి వృత్తిగా నిలబడ్డ మనుషులున్నారు. కులం కులానికీ వంశం చెప్పే ఆశ్రిత కులం ఒకటి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, రెడ్లకు పిచ్చికుంట్లవాళ్లు. మిరాసి హక్కు ప్రకారం కొన్నేళ్లకోసారి ఊరికి వచ్చి, పటం విప్పి కథ చెప్పి, ఇంటింటి గోత్రం, తాతముత్తాతల పేర్లు వినిపించి, కట్నం తీసుకుని వెళతారు. ఏ ఇంటికి ఏ ఊరినుంచి పిల్ల వచ్చింది, ఎవరు వలసపోయారు అన్నవి వాళ్లకు తెలిసినంతగా తహసీల్దారుకు తెలియవు. 'దండులోకి పోయినోడు' ఉన్న ఇల్లు వాళ్ల జ్ఞాపకంలో నిలిచిపోయే అవకాశం ఎక్కువ. పంజాబుకు లాహోర్ రిజిస్టర్లుంటే మనకు వీళ్లున్నారు. కాకపోతే వాళ్ల పిల్లలు ఈ పని వదిలేసి పట్నాల్లో కూలికి, ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు. ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కే మనవరాలు ముందు కలవాల్సింది వీళ్లను. సైన్యం ఆఫీసుకు ఉత్తరం వచ్చే ఏడాది రాసినా నష్టం లేదు.

తిరిగిరానివాళ్లు

తాత తిరిగి రాకపోతే వెతుకులాట విచిత్రంగా కొంచెం సులువవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షలమంది భారతీయులు పనిచేస్తే, 87 వేలమంది చనిపోయారు. వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఆ మృతులను పేరుతో, నంబరుతో, పటాలంతో వెతకొచ్చు. సమాధి దొరకనివాళ్ల పేర్లు స్మారకాల మీద ఉన్నాయి. సింగపూరు క్రాంజీలో 24 వేలకు పైగా, రంగూన్ దగ్గరి తౌక్యాన్‌లో దాదాపు 27 వేలు. వెబ్‌సైటులో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. భార్య పేరు మొదటిసారి ఒక అధికారిక పట్టికలోకి ఎక్కింది బహుశా అలాగే, విధవ అయ్యాక.

మొదటి యుద్ధపు మృతులకు అంతకూడా దక్కలేదు. 1929లో తెరిచిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సిపాయిలందరి పేర్లూ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కి, సిపాయిలను పటాలం పేరు కింద ఒక అంకెగా రాశారు. ఢిల్లీ ఇండియా గేట్ స్మరించేది 70 వేలమందికి పైగా అమరులను. గోడల మీద ఉన్న పేర్లు 13 వేల చిల్లర.

2021 నివేదిక తరవాత కమిషన్ తప్పిపోయిన పేర్లను చేర్చే పని పెట్టుకుంది. కుటుంబాలు కూడా రుజువులు పంపొచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు లెక్కలోకి వస్తాయి. సర్వీసులో ఉండగా మలేరియాతో పోయినా, లారీ బోల్తాపడి పోయినా సైనికుడే. డిశ్చార్జి అయ్యాక ఇంటికొచ్చి చనిపోతే, ఆ జబ్బు సర్వీసువల్ల వచ్చిందని చూపాలి. తార్నాక ఫైలు నకలు, పతకం అంచు ఫోటో, ఊరి పెద్దల వాంగ్మూలం, పహాణీ... ఇన్నాళ్లూ పోగుచేసినవన్నీ జతచేయాల్సిన దరఖాస్తు ఇదే. అందులో సిపాయి నంబరు గడి ఖాళీగా ఉన్నా పంపవచ్చు. తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా మాత్రం 1941లో ఎలా రాసేవాళ్లో అలాగే రాయాలి: ఉప్పల్ వైపు ఊరైతే మేడ్చల్-మల్కాజ్‌గిరి అని కాదు, అత్రాఫ్-ఎ-బల్దా అని.